టాన్ హిల్ దారిలో జూన్ సాయంత్రాలు

జూన్ నెలలో ఉత్తర ఇంగ్లండులో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కనుక, మా యార్క్‌షైర్ ప్రయాణాలలో తొందర అన్నదే ఉండదు. హాజ్ ఊరు దాటి బటర్‌టబ్స్ కనుమ ఎక్కేటప్పుడు, దారి పక్కన సున్నపురాతిని నీరు తొలిచి చేసిన లోతైన గుంతలను చూడడానికి ప్రతిసారీ బండి ఆపుతాను. వాటి అంచుల్లోని పచ్చని ఫెర్న్ మొక్కలు ఎండలోనూ తడిగా మెరుస్తుంటాయి. అక్కడి నుంచి స్వేల్‌డేల్ లోయలోకి దిగి, రాతి గోడల మధ్య, గొర్రెలు అడ్డం వచ్చినప్పుడల్లా ఆగుతూ, కెల్డ్ మీదుగా 528 మీటర్ల ఎత్తున ఉన్న టాన్ హిల్ ఇన్ చేరుకుంటాము. బ్రిటన్‌లో ఇంతకన్నా ఎత్తున మరో పబ్బు లేదు. బండి నడిపే రోజున మద్యం ముట్టను కాబట్టి, చల్లని నిమ్మ సోడా తెచ్చుకుని, బయట బల్ల మీద హెల్మెట్ పెట్టి, చల్లారుతున్న ఇంజన్ చేసే టిక్కుటిక్కు శబ్దాన్ని వింటూ చాలాసేపు కూర్చుంటాను.