ముక్కకి పట్టేదాకా: హ్యూస్టన్‌లో నా కేజన్ బాయిల్ డైరీ

2024 ఫిబ్రవరి 10, శనివారం

హ్యూస్టన్ వచ్చిన తొమ్మిదేళ్లలో సీఫుడ్ బాయిల్ (పక్క రాష్ట్రం లూసియానాలోని కేజన్ వాళ్ల వంట) ఎన్నిసార్లు తిన్నామో లెక్క లేదు. బల్ల మీద పేపర్ పరిచి, క్రాఫిష్ (పీతలా కొండిలున్న, రొయ్యలాంటి మంచినీటి జీవి), రొయ్యలు, బంగాళాదుంపలు, మొక్కజొన్న ముక్కలు ఆవిర్లు కక్కుతుండగా కుమ్మరిస్తే, అందరూ చుట్టూ నిలబడి చేత్తో ఒలుచుకుంటూ తినడం నాకు చాలా ఇష్టం. ఈ సీజన్‌లో దాన్ని ఇంట్లో సరిగ్గా చేయడం నేర్చుకోవాలని, చేసిన ప్రతిసారీ కొలతలు రాసుకోవాలని అనుకున్నాను.

క్రాఫిష్‌తోనే మొదలుపెట్టాలనుకున్నాను కానీ ఈ ఏడాది ధర అడిగి వెనక్కి వచ్చేశాను. నిరుడు వేసవిలో లూసియానాలో పడిన కరువే దీనికి కారణం. అక్కడ చాలామంది రైతులు వరి, క్రాఫిష్ ఒకే మడిలో పండిస్తారు. వేసవిలో క్రాఫిష్ నేలలో బొరియలు చేసుకుని దాక్కుంటుంది. వరి కోతయ్యాక మడికి నీళ్లు పెడితే పిల్లలతో పైకి వస్తుంది. 2023లో నేల ఎండి బిగుసుకుపోవడంతో చాలావరకు బొరియల్లోనే చచ్చిపోయాయి. మాది భీమవరం దగ్గర ఊరు. మా వైపు వరిచేను ఒకసారి రొయ్యల చెరువైతే మళ్లీ చేను కావడం కష్టం. ఒకే మడిలో రెండూ తీయడం గురించి మొదటిసారి విన్నప్పుడు నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

అందుకే ముందు రొయ్యలతో చెయ్యి అలవాటు చేసుకుందామని 2 పౌండ్ల ఫ్రోజెన్ ప్యాకెట్ తెచ్చాను. వెనక చూస్తే ఇండియా నుంచి వచ్చినవే. మా జిల్లా చెరువు నుంచే వచ్చాయేమో ఎవరికి తెలుసు.

ఇవాళ్టి లెక్క: 16 క్వార్ట్‌ల (సుమారు 15 లీటర్ల) స్టాక్ పాట్, 8 లీటర్ల నీళ్లు, జటరైన్స్ కంపెనీ క్రాబ్ బాయిల్ (మసాలా దినుసుల) సంచి ఒకటి, ఉప్పు 3 టేబుల్ స్పూన్లు, కయెన్ కారం 2 టేబుల్ స్పూన్లు, 2 నిమ్మకాయలు. దుంపలు, మొక్కజొన్న, రొయ్యలు ఒకేసారి వేసి 12 నిమిషాలు మరిగించి వెంటనే వార్చేశాను.

ఏదీ సరిగ్గా రాలేదు. రొయ్యలు రబ్బరులా సాగాయి, పెంకు కండకి అతుక్కుపోయి ఊడి రాలేదు. దుంప పైన మంట, లోపల చప్పగా ఉడికిన దుంప. పైగా ఘాటు కోసం లిక్విడ్ క్రాబ్ బాయిల్ 2 స్పూన్లు వేశాను. ఆ ఆవిరికి ఇల్లంతా దగ్గు పట్టుకుంది, పిల్లలు పెరట్లోకి పరిగెత్తారు. మిరప ఘాటు ఆవిరితో పైకి లేస్తుంది కాబట్టి వంటింట్లో చేసేటప్పుడు లిక్విడ్ వద్దు. పొడి కూడా మరుగు తగ్గించి వేసుకోవాలి, కిటికీలు తీసి ఉంచాలి.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"ఎంతసేపు ఉడకబెట్టావే?"

"పన్నెండు నిమిషాలు."

"ఇంకేం మిగులుతుందే వాటిల్లో! రొయ్య రంగు తిరిగితే చాలు. అయినా ఉడికితే కారం పట్టదు, ఊరితే పడుతుంది. ఆవకాయ కలిపిన పూటే తినేసి ముక్కకి పట్టలేదంటే ఎలా?"

అమ్మ జీవితంలో క్రాఫిష్‌ని చూడలేదు. కానీ నా పొరపాటు ఎక్కడుందో ఆవిడకి ఒక్క నిమిషంలో తెలిసిపోయింది.

ఫిబ్రవరి 24

లూసియానా వాళ్లు చేసే పద్ధతి ఈసారి శ్రద్ధగా చూశాను. వాళ్లూ అమ్మ చెప్పిందే చేస్తారు. మరిగేది రెండు మూడు నిమిషాలే. తర్వాత స్టవ్ ఆపేసి ఆ మసాలా నీళ్లలోనే నానబెడతారు. మనం ఇగురులోనూ వేపుడులోనూ పని మంటకి అప్పజెప్పడానికి అలవాటు పడ్డాం. ఇక్కడ అసలు పని మంట ఆపాకే మొదలవుతుంది. ఉడుకుతున్నంతసేపూ రొయ్య కండ బిగుసుకుని లోపలి నీటిని బయటికి తోసేస్తుంది. ఊరుతున్న కొద్దీ ఉప్పూ కారం నెమ్మదిగా లోపలికి దిగుతాయి.

కానీ మూత పెట్టి వదిలేస్తే ఆ నీటి వేడికే రొయ్యలు ఇంకా ఉడికిపోతాయి. అందుకే స్టవ్ ఆపగానే ఐస్ వేయాలి. ఇవాళ 2 నిమిషాలు మరిగించి, ఆపి, కిలో ఐస్ వేసి 15 నిమిషాలు ఉంచాను. రొయ్య మెత్తగా, తియ్యగా, లోపలిదాకా కారంగా వచ్చింది. పెంకు కూడా చక్కగా ఊడొచ్చింది. అయితే ఐస్ కరిగి మసాలా నీళ్లు పలచబడ్డాయి, దుంపలో ఉప్పు ఇంకా చాలలేదు.

ఇంకో సంగతి. ఒలిచిన రొయ్యలు దీనికి పనికిరావు. పెంకుతో ఉండి, వీపు మీద గాటు పెట్టి నరం తీసినవి దొరుకుతాయి, ప్యాకెట్ మీద ఈజీ పీల్ అని ఉంటుంది. ఆ గాటులోంచి మసాలా లోపలికి పోతుంది, పెంకు కండని కాపాడుతుంది. సైజు 16/20 తీసుకుంటున్నాను, అంటే పౌండుకి పదహారు నుంచి ఇరవై తూగేవి. తలతో ఉన్న గల్ఫ్ (మెక్సికో సింధుశాఖ) రొయ్యలు దొరికితే అవి ఇంకా బాగుంటాయి, తలలోని కొవ్వు నీళ్లలోకి దిగుతుంది.

మార్చి 9

ఈ నెలలోనే లూసియానా గవర్నర్ జెఫ్ లాండ్రీ క్రాఫిష్ కొరతని విపత్తుగా ప్రకటించారు. ఇది లెంట్ కాలం (ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాలు), శుక్రవారాలు మాంసం మానేసే క్యాథలిక్కులకి క్రాఫిష్ బాగా కావాలి. ఈస్టర్ వెళ్లేదాకా ధర దిగేలా లేదు.

ఇవాళ క్రాబ్ బాయిల్ సంచి విప్పి పళ్లెంలో పోసి చూశాను. ఆవాలు, ధనియాలు, ఎండుమిరప, బిర్యానీ ఆకుకి దగ్గరగా ఉండే బే లీఫ్, సోయకూర గింజలు, ఆల్‌స్పైస్. ఆల్‌స్పైస్ ఒక్కటే మన పోపులపెట్టెలో లేనిది. చూడటానికి లావు మిరియంలా ఉంటుంది, నలిపితే లవంగం, దాల్చినచెక్క, జాజికాయ కలిసిన వాసన. సంచి దొరకని వాళ్లు దాని బదులు నాలుగు లవంగాలు, చిన్న దాల్చిన ముక్క వేసుకోవచ్చు. అంతకు మించి లవంగం వేస్తే బిర్యానీ వాసన వచ్చేస్తుంది.

గుంటూరు కారంతో కూడా చేసి చూశాను. మంట బాగా తగిలింది, రంగూ బాగుంది. కానీ మా ఇంట్లో కారం కొద్దిగా నూనె పట్టించి దంచింది, నీళ్ల మీద తేలి గిన్నె అంచుకి అంటుకుంది. నీళ్లలో కలవడానికి కయెన్ పొడే మేలు. ఇప్పుడు మూడొంతులు కయెన్, ఒక వంతు గుంటూరు వేస్తున్నాను.

ఇక ఉప్పు. 8 లీటర్లకి నిండా ఒక కప్పు, అంటే సుమారు 280 గ్రాములు పడుతుంది. మొదటిసారి వినగానే నాకు భయమేసింది. కానీ ఈ నీళ్లు మనం తాగేవి కావు, పారబోసేవి. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే సముద్రపు నీళ్లలా ఉండాలి. చారులా తాగగలిగేలా ఉంటే దుంప చప్పగానే ఉంటుంది. డబ్బాల్లో వచ్చే బాయిల్ పొడుల్లో ఉప్పు ముందే ఉంటుంది, వాటితో చేసేటప్పుడు రుచి చూశాకే ఉప్పు కలపాలి.

ఇవాళ కుదిరిన వరస ఇది. 8 లీటర్ల నీళ్లలో ఉప్పు, రెండు సంచులు, కారం 3 టేబుల్ స్పూన్లు, సగానికి కోసి పిండిన 4 నిమ్మకాయలు తొక్కలతో సహా, అడ్డంగా కోసిన 4 వెల్లుల్లి గడ్డలు, 2 ఉల్లిపాయలు వేసి 15 నిమిషాలు మరగనిచ్చాను. తర్వాత చిన్న ఎర్ర దుంపలు పన్నెండు నిమిషాలు. తర్వాత పొగబెట్టిన సాసేజ్ ముక్కలు అయిదు నిమిషాలు. కేజన్ వాళ్లు వేసేది పంది మాంసంతో చేసిన ఆండూయీ, మేం చికెన్‌ది వాడతాం. చివర్లో రొయ్యలు 2 నిమిషాలు. స్టవ్ ఆపేసి, ఐస్ బదులు ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన మొక్కజొన్న ముక్కలు తీసి వేశాను. నీళ్లు చల్లబడ్డాయి, పలచబడలేదు, మొక్కజొన్న కూడా మసాలా పీల్చుకుని ఊరింది. ఈ కిటుకు తెలిసినందుకు నిజంగా చాలా సంతోషించాను.

పుట్టగొడుగులు కూడా వేశాను కానీ అవి స్పాంజిలా కారమంతా పీల్చేసుకున్నాయి. ఒకటి కొరికితే కళ్లలో నీళ్లు. పిల్లల పళ్లెంలోకి అవి వెళ్లకుండా చూసుకోవాలి.

మార్చి 23

పీతల కోసం ఒక శనివారం కేటాయించాను. స్నో క్రాబ్ కాళ్లు ముందే ఉడికించి గడ్డకట్టించినవి. అయిదు నిమిషాలు వేడెక్కితే చాలు, ఊరబెడితే ఉప్పు కషాయం. బతికున్న బ్లూ క్రాబ్ రుచి వేరు, మా ఊరి పీతల పులుసు గుర్తొచ్చింది. పది పన్నెండు నిమిషాలు ఉడకాలి. రొయ్యలతో ఒకే గిన్నెలో చేస్తే పీతలు ముందు, రొయ్యలు చివర.

ఏప్రిల్ 27

ఈస్టర్ వెళ్లింది, ధర దిగింది. 30 పౌండ్ల సంచి కొన్నాం. బతికున్నవి మనిషికి 3 నుంచి 5 పౌండ్లు పడతాయి. చాలా ఎక్కువ అనిపిస్తుంది కానీ తోకలో కండ బరువులో ఆరోవంతు కూడా ఉండదు. పెద్దవాళ్లం ఆరుగురం, పిల్లలు నలుగురు, సరిపోయింది.

సంచి తెచ్చాక నీళ్లలో ముంచి ఉంచకూడదు, గాలాడక చచ్చిపోతాయి. ఐస్ చెస్ట్‌లో సంచితో పెట్టి, పైన ఐస్ వేసి, కింద నీళ్లు పోయే బిరడా తీసి ఉంచాం. వండేముందు టబ్‌లో పోసి బురద నీళ్లు తేరేదాకా నాలుగైదుసార్లు కడిగాం. ఉప్పు చల్లితే కడుపులోది కక్కేస్తాయని చాలామంది నమ్ముతారు, దాని వల్ల ఒరిగేదేమీ లేదు, మంచినీళ్లతో కడిగితే చాలు. చచ్చినవి ఏరి పారేయడం మాత్రం తప్పనిసరి. మా అత్తయ్య ఓపిగ్గా కూర్చుని ఒక్కొక్కటీ చూసి తీసింది. ఇంకొక జాగ్రత్త, పచ్చివి ఉంచిన ఐస్ చెస్ట్‌లో సబ్బుతో కడగకుండా ఉడికినవి పోయకూడదు. అలా చేసి కడుపు నొప్పులు తెచ్చుకున్న వాళ్లున్నారు.

60 క్వార్ట్‌ల కుండ, లోపల జల్లెడ బుట్ట, ప్రొపేన్ బర్నర్. అంతా పెరట్లోనే, గోడకి దూరంగా. వాన పడుతోందని బర్నర్‌ని గరాజ్‌లోకి తీసుకెళ్లే ఆలోచనే వద్దు, విషవాయువు చేరుతుంది. సంచి మొత్తం ఒకేసారి పట్టదు కాబట్టి రెండు వాయిలుగా వండాం. బాయిల్ పొడి నాలుగున్నర పౌండ్ల డబ్బాలో మూడింట రెండొంతులు మొదటి వాయికి, మిగతాది రెండో వాయికి.

క్రాఫిష్ వేయగానే మరుగు ఆగిపోతుంది. మళ్లీ తెర్లడం మొదలయ్యాక 3 నిమిషాలు లెక్కపెట్టి ఆపాను. మొక్కజొన్న వేశాను. మా ఆయన కుండ బయటి వైపు తోట పైపుతో నీళ్లు కొట్టారు, ఇక్కడి వాళ్లు చేసే పనే, లోపల పలచబడకుండా చల్లారుతుంది. అప్పటినుంచి అయిదేసి నిమిషాలకి ఒకటి తీసి రుచి చూశాను. అయిదో నిమిషానికి కారం పెంకు మీదే ఉంది. పదికి తలలోకి చేరింది. పదిహేనుకి తోక పై పొర. ఇరవైకి తోక మొత్తం ఉప్పగా, కారంగా అయింది. తేలుతున్నవి ఒక్కొక్కటే అడుగుకి దిగడం మొదలైంది, లోపలికి నీళ్లు ఎక్కాయని దానికి గుర్తు. ఇరవై అయిదుకి బుట్ట ఎత్తాం. రెండో వాయి ముప్పైదాకా ఉంచితే పెద్దవాళ్లకి నచ్చింది, పిల్లలు తినలేకపోయారు.

తోకని మెలితిప్పి లాగి, మొదటి రెండు రింగులు ఒలిచి, చివర నొక్కితే కండ జారి వస్తుంది. తలని పీల్చాలి. అందులోని పసుపుపచ్చని కొవ్వులోనే ఊరిన రుచంతా ఉంది. అత్తయ్య మొదట వద్దంది. తర్వాత పక్కన పెట్టిన తలలన్నీ ఒక్కొక్కటీ తీసుకుని పీల్చింది.

తింటున్నప్పుడు మా పెద్దాడు అడిగాడు, కేజన్ అంటే ఏంటని. 1755లో బ్రిటిష్ వాళ్లు ఇప్పటి కెనడాలోని అకేడియా నుంచి ఫ్రెంచ్ మాట్లాడే రైతుల్ని తరిమేశారు, వాళ్లలో చాలామంది చివరికి లూసియానా చిత్తడి నేలలకి చేరారు, అకేడియన్ అనే మాటే నోట్లో నలిగి కేజన్ అయిందని చెప్పాను. వాళ్లు అక్కడ దొరికిందే వండుకున్నారు.

మే 11

ఈ వారం హ్యూస్టన్ పద్ధతి. 1975 తర్వాత వియత్నాం నుంచి వచ్చిన వాళ్లు గల్ఫ్ తీరంలో స్థిరపడ్డారు, చాలామంది రొయ్యల వేటలో దిగారు. క్రాఫిష్‌ని ఉడికించాక వెల్లుల్లి వెన్నలో పొర్లించే అలవాటు వాళ్లది. ఇక్కడి బెల్లేర్ బూలెవార్డ్ అనే రోడ్డు మీది రెస్టారెంట్లలో మేం మొదట తిన్నది ఇదే.

2 పౌండ్ల రొయ్యలకి వెన్న 225 గ్రాములు, సన్నగా తరిగిన వెల్లుల్లి ఇరవై రెబ్బలు, లెమన్ పెప్పర్ 2 టీస్పూన్లు, కయెన్ ఒక టీస్పూను, అర టీస్పూను పంచదార. వెల్లుల్లి ఎర్రబడకూడదు, సన్నటి సెగ మీద పచ్చి వాసన పోతే చాలు. ఊరబెట్టే సమయం ఇక్కడ పది నిమిషాలకి తగ్గించాను, ఎందుకంటే వెన్నలోనూ ఉప్పు ఉంది. పిల్లలకి ఇది తెగ నచ్చింది. నాకు మాత్రం ఉత్త బాయిలే ఎక్కువ ఇష్టం, వెన్న పైన కప్పేసినట్టు ఉంటుంది, ఊరిన రుచి తర్వాత గానీ తెలియదు.

మిగిలిన దుంపల్ని మర్నాడు ఆవాలు, కరివేపాకు పోపుతో వేయించాను, ఉప్పూ కారం వేయక్కర్లేదు. క్రాఫిష్ తోకలు ఒక కప్పు ఒలిచి ఫ్రీజ్ చేశాను. జూన్‌తో సీజన్ అయిపోతుంది. అమ్మ ఆగస్టులో వస్తోంది, అప్పటికి బతికున్న క్రాఫిష్ దొరకదు. అందుకే ఆ కప్పుని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.