అలిగిన బతుకమ్మ నాటి రెండో షిఫ్టు

పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిది రోజులు సాగే మన బతుకమ్మ పండుగలో ఆరో రోజున పూలు పేర్చరు, నైవేద్యం పెట్టరు. ఆ రోజును అలిగిన బతుకమ్మ అంటాం. అర్రెం అని పిలిచే ఊళ్లూ ఉన్నాయి. పూలు పేర్చేటప్పుడు మాంసం ముక్క తగిలి తల్లి అలిగిందని పెద్దలు ఒక కథ చెబుతారు. ఆ కథ కన్నా ఆ రోజు మీదే నాకు ఆసక్తి ఎక్కువ. ఇంత సంబరం నడుమ అలకకంటూ ఒక రోజు ఉంచిన ఆ ఆడవాళ్లెవరో గాని, మనసు సంగతి బాగా ఎరిగినవాళ్లు.

నేను హన్మకొండలో ఒక ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో పనిచేస్తాను. ఒక ఏడాది ఆ ఆరో రోజున నాది రెండో షిఫ్టు, మధ్యాహ్నం 2 గంటల నుంచి రాత్రి 9 గంటల వరకు. డాక్టరు ఆపరేషన్‌లో ఉండి ఓపీ ఆలస్యమైనందుకు ఒకాయన వరుసలో ఉన్న అందరి ముందూ, "నీకు జీతం ఎందుకిస్తున్నరో" అన్నాడు. ఆలస్యం నా చేతిలో లేదని ఆయనకూ తెలుసు. ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు గాని, ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది. తరువాత వచ్చిన ముసలమ్మ ఫోన్ నంబరు రాసిన చీటీ కోసం సంచి తడుముకుంటుంటే, "నంబరు కూడ తెల్వకుంట ఎట్ల వస్తరమ్మా" అని కసిరాను. ఆమె వెతకడం ఆపి నా మొహంలోకి చూసి, "కోపంల ఉన్నవ్ బిడ్డా, నేను జర కూసుంట, ఎన్క పిలువు" అని పక్క బల్ల మీద కూర్చుంది.

గీత రెండో అధ్యాయంలోని 14వ శ్లోకం నాకు బడి రోజుల నుంచే కంఠస్థం.

మాత్రాస్పర్శాస్తు కౌంతేయ శీతోష్ణసుఖదుఃఖదాః ।
ఆగమాపాయినోఽనిత్యాస్తాంస్తితిక్షస్వ భారత ॥

ఇంద్రియాలకు విషయాలు తగలడం వల్ల చలి, వేడి, సుఖం, దుఃఖం కలుగుతాయని, అవి వచ్చిపోయేవని, నిలిచేవి కావని, వాటిని ఓర్చుకొమ్మని భగవానుడు అర్జునుడికి చెప్పిన మాట ఇది. మన వాడుకలో అపాయమంటే ముప్పు. శ్లోకంలోని ఆగమాపాయినః అన్న మాటలో మాత్రం తొలగిపోవడమని అర్థం. తితిక్ష, అంటే ఆ ఓర్చుకోవడం, ఏమీ తగలనట్టు నవ్వు మొహంతో తరువాతి టోకెను పిలవడమని నేను చాలాకాలం అనుకున్నాను. అయితే చలి తగలదని కృష్ణుడు ఎక్కడా అనలేదు. చలి వేస్తున్నదని ఒప్పుకున్నవాడే దుప్పటి కప్పుకుంటాడు. వేయడం లేదని బుకాయించినవాడు పక్కవాడి దుప్పటి లాగుతాడు. ముసలమ్మ విషయంలో నేను చేసింది ఆ లాగడమే.

ఆరో రోజున ఏ ఇంట్లోనూ తల్లి అలగలేదని బుకాయించరు, బలవంతంగా నవ్వించడానికి తాంబాళం నిండా పూలు పట్టుకొని పోరు. అలగనిస్తారు. అయితే ఆ అలకకు గడువు ఒక్క రోజే. షిఫ్టులో మనకు రోజంతా ఎవరిస్తారు? పక్క కౌంటరు అమ్మాయి నా కుర్చీలో కూర్చోవడం వల్ల నాకు ఐదు నిమిషాలు దొరికాయి. మొహం కడుక్కొని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయనకు చెప్పవలసిన జవాబులు ఒకదాని కన్నా ఒకటి పదునుగా మూడు తయారయ్యాయి. వాటిని రానిచ్చాను గాని కౌంటరు దాకా తేలేదు. తిరిగి వచ్చి ముసలమ్మను పిలిచి, "ఇందాక గట్టిగ అన్న, ఏమనుకోకమ్మా" అంటే, ఆమె ఏమీ అనకుండా మనవరాలు రాసిచ్చిన చీటీ నా ముందు పెట్టింది.

అంతటితో మనసు కుదుటపడిందని చెబితే అబద్ధమవుతుంది. అది ఎప్పుడు కుదుటపడిందో నేను చూడనే లేదు. ఆరున్నరకు చాయ్ తాగుతూ దేనికో నవ్వాను, ఆ నవ్విన తరువాతే తెలిసింది.

రాత్రి ఇంటికి వెళ్లేసరికి అత్తమ్మ బియ్యప్పిండి జల్లించి పెట్టింది. మరునాడు వేపకాయల బతుకమ్మ. ఆ పిండినే వేపకాయల మాదిరిగా చేసి నూనెలో వేయించి పెడతాం, చేదు పేరులోనే తప్ప నైవేద్యంలో ఉండదు. గునుగు, తంగేడు మాత్రం పొద్దున్నే నేనే తేవాలని అత్తమ్మ చెప్పింది.