తాత పెట్టెలో జార్జి రూపాయి

నాన్న పోయాక పొలం, ఇల్లు, అమ్మ నగలు ఎవరికేమిటన్నది పెద్ద గొడవ లేకుండానే తేలిపోయింది. ఎవరూ అడగనిది ఒకటే మిగిలింది. ట్రంకు పెట్టె అడుగున, పాత పంచె ముక్కలో మూట కట్టిన నాణేలు. నాన్న, ఆయన తండ్రి ఇద్దరూ చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాలు. వాళ్ల చేతుల్లో ఎన్ని కాలాల డబ్బు ఆడిందో ఆ మూట చూస్తే తెలిసిపోతుంది. "నాకెందుకు, నీ పిల్లోళ్లకియ్యి, వాళ్లకి ఇట్లాంటివి ముచ్చట" అన్నాడు అన్న. అలా ఇంగ్లండులో పుట్టి పెరుగుతున్న నా పిల్లలకి చిత్తూరులో ఒక ఆస్తి ఏర్పడింది.

మంచం మీద పాత దుప్పటి పరిచి అన్నీ పోశాం. విక్టోరియా రాణి రూపాయి ఒకటి, ఐదో జార్జి రూపాయలు, ఆరో జార్జి అర్ధరూపాయలు, రాగి కానీలు, నడిమధ్య గుండ్రంగా రంధ్రమున్న చిల్లి కానీలు, తర్వాతి కాలపు నయా పైసలు, పలకలు తీరిన మూడు పైసలు, తామరపువ్వు బొమ్మతో పసుప్పచ్చగా మెరిసే ఇరవై పైసలు. మా వాడు ఒక రూపాయి అందుకుని, "అమ్మా, అవ్వ దగ్గర మన రాజు ఉన్నాడేంటి?" అన్నాడు.

మా అమ్మ తల తిప్పి వాడి వంక చూసింది. "మన రాజా? ఎప్పట్నించి నాయనా?"

వాడి తప్పేం లేదు. వాళ్ల బడిలో విక్టోరియా కాలమంటే రైళ్లు, ఫ్యాక్టరీలు, నల్లగౌను వేసుకున్న ఒక ముసలి రాణి. ఆ మొహాలు వాడికి పాఠంలో తెలిసినవాళ్లు. మా అమ్మకి ఆ రాజు ఇంకో లెక్క. వెండి ఎక్కువున్న రాజా, తక్కువున్న రాజా అన్నదే ఆమెకి ముఖ్యం. నిజంగానే తేడా ఉంది. ఐదో జార్జి రూపాయి తులం బరువు, అంటే 11.66 గ్రాములు, అందులో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. రెండో ప్రపంచయుద్ధంలో వెండికి కరువొచ్చి 1940లో దాన్ని సగానికి తగ్గించారు. 1943లో రాగికీ కటకట వచ్చి కానీ మధ్యలో చిల్లి పెట్టారు. 1947 రూపాయికొచ్చేసరికి వెండే లేదు, అంతా నికెల్. యుద్ధం ఎక్కడో జరిగింది, దాని ఖర్చు చిత్తూరు మండీ గల్లాపెట్టెలో కనిపించింది. ఇది వాళ్ల చరిత్ర పాఠంలో లేదు, నా పాఠంలోనూ లేదు.

"మన రాజు" అన్నమాటకి నేను ఏ జవాబూ చెప్పలేదు. ఇలాంటి చోట ఉపన్యాసం మొదలుపెడితే పిల్లలు ఫోను తీస్తారని అనుభవం. ఇంగ్లండుకి తిరిగొచ్చాక వాడికే జవాబు దొరికింది. మా పక్కింటావిడకి ఎనభై దాటాయి. డ్రాయరులో పడి ఉన్న పాత పెన్నీలు వాడికిచ్చింది. వాటి మీదా ఐదో జార్జే, ఆరో జార్జే. వాడు తన ఫోనులోని తాత రూపాయల ఫొటోలు పక్కన పెట్టి చూసి, "అమ్మా, ఇక్కడ రాజుకి కిరీటం లేదు, అవ్వ దగ్గర మాత్రం ఉంది" అన్నాడు. ఇన్నేళ్లలో నేను గమనించని సంగతి అది. సొంతింట్లో బోడితలతో, మన దగ్గరికొచ్చేసరికి కిరీటంతో! మిగతాది వాడే ఆలోచించుకున్నాడు, నన్నేమీ అడగలేదు.

పక్కింటావిడకీ మా అమ్మకీ వీడియో కాల్లో మంచి కబుర్లు కుదిరాయి. ఆవిడకి 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. మా అమ్మకి 12 పైలు ఒక అణా, 16 అణాలు ఒక రూపాయి. ఇద్దరూ చిన్నప్పుడు పన్నెండుతో కుస్తీ పట్టినవాళ్లే. మనం 1957 ఏప్రిల్ 1న నూరు పైసల లెక్కలోకి మారాం. వాళ్లు 1971 ఫిబ్రవరిలో గానీ మారలేదు. "మీకంటే పద్నాలుగేళ్లు ముందు" అని చెప్పమంది అమ్మ. మా వాడు ఆ మాటని ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెప్పాడు. అణా, బేడ, పావలా, అర్ధరూపాయి అంటూ అమ్మ వేళ్ల మీద సగాలు, సగంలో సగాలు చేస్తుంటే పాపకి భిన్నాలు నోటికొచ్చేశాయి. వాళ్ల టీచరుకి ఈ పద్ధతి చెప్పాలని దాని కోరిక.

అసలు చిక్కు మొదటి ప్రయాణంలోనే వచ్చింది. పిల్లలు తమ ఆస్తిని సూట్‌కేసులో సర్దుకోబోయారు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని మనబోటివాళ్లు దేశం దాటించకూడదు, ఆ హక్కు కేంద్ర ప్రభుత్వానికీ, అది అనుమతించిన సంస్థలకీ మాత్రమే ఉంది. కాదని పట్టుబడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. మా అవ్వ రూపాయే కదా, మ్యూజియం సరుకా అని చాలామంది అనుకుంటారు. చట్టానికి అవ్వలతో పనిలేదు, సంవత్సరంతోనే పని. పైగా ఆ గీత నిలకడగా ఉండదు, ఏటా ఒక ఏడాది నాణేలు దాన్ని దాటిపోతాయి. కాబట్టి విక్టోరియా, 1918 నాటి జార్జి ఇక్కడే ఉండాలి. ఆరో జార్జి, నయా పైసలు వెళ్లొచ్చు.

పిల్లలు మొదట అలిగారు. నాకు మాత్రం ఈ ఏర్పాటు రోజురోజుకీ నచ్చుతోంది. ఆవకాయ, చీరలు, వెండి పళ్లేలు, ఆఖరికి రోకలిబండ కూడా మోసుకెళ్లి ఇంగ్లండు ఇంట్లో ఒక చిన్న చిత్తూరు పెట్టుకున్నాం. ఇక చిత్తూరుకి రావడానికి పిల్లలకి వాళ్లదంటూ పనేం మిగిల్చాం? ఇప్పుడు బీరువా తాళం అడిగి తీసుకుని, తమ వస్తువు తాము చూసుకునే హక్కు ఒకటి ఉంది. దిగిన రోజే వెళ్లి లెక్కపెట్టుకుంటారు, మండీ గుమాస్తా మనవలు కదా.

లెక్కకంటే పెద్ద తగాదా తోమడం గురించి. శుక్రవారం పూజకని అమ్మ రూపాయలకి చింతపండు రాసింది. మా వాడు "వద్దవ్వా!" అని పరిగెత్తుకొచ్చాడు. నాణెం రుద్దితే పైపొర పోతుంది, సేకరించేవాళ్లు దాన్ని తీసుకోరు, తీసుకున్నా ధర పడిపోతుందని వాడు నేర్చుకున్నాడు. నిజమే. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే రాగి నాణేలకి పచ్చటి జిగురు పడుతుందన్నదీ నిజమే. అమ్మ అంతా విని, "ఎవురికన్నా అమ్మేదానికా అబ్బోడా? మాసిన లచ్చిమిని దేవుడి ముందర పెట్టమంటావా?" అంది. నేను అమ్మ పక్షమే. ఆ ఇంట్లో అవి సేకరణ కాదు. చివరికి పూజకి రెండు రూపాయలు అమ్మవి, మిగతావాటి జోలికి చింతపండు పోకూడదని ఒప్పందం. ఆ 1918 రూపాయలు కోకొల్లలు, వెండి ధరకి మించి పెద్దగా పలకవని నేను తర్వాత చెప్తే వాడు ఒక పూట నాతో మాట్లాడలేదు.

ధర అంటే బంధువులు గుర్తొస్తారు. మూట సంగతి తెలిసిన దగ్గర్నుంచి వాట్సాప్‌లో సలహాలే సలహాలు. వైష్ణోదేవి బొమ్మ ఐదు రూపాయలకి లక్షలిస్తారట. ఇలాంటి మోసాల మీద 2021లో రిజర్వు బ్యాంకే హెచ్చరిక ఇచ్చింది, ఎవరు చదివారు? మా మామ ఒకాయన ఒకవైపు ఆంజనేయుడు, ఇంకోవైపు 'ఈస్టిండియా కంపెనీ 1818' అని ఉన్న బిళ్ల పట్టుకొచ్చి దీనికి బియ్యాన్ని లాగే శక్తి ఉందన్నాడు. అది చెలామణిలో తిరిగిన డబ్బు కాదు, గుళ్ల దగ్గర అమ్మిన టోకెను రకం. పిల్లల ముందు ఆయన పరువు తీయడం ఇష్టంలేక మర్నాడు చంద్రగిరి కోటకి తీసుకెళ్లాను. ఆ కోట నుంచి ఏలిన విజయనగర రాజు వెంకటపతిరాయలు బంగారు వరహా మీద వేంకటేశ్వరస్వామిని నిలబెట్టి, వెనక 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అని వేయించాడు. ఆ వంశం ఏలుబడిలోనే 1639లో కంపెనీకి మద్రాసు స్థలం దక్కింది. తర్వాత కంపెనీ మద్రాసులో కొట్టిన వరహాల మీదా ఇద్దరు దేవేరులతో స్వామి బొమ్మే వేసింది. ఇక్కడి జనం ఆ బొమ్మనే నమ్ముతారని వ్యాపారికి తెలుసు. కంపెనీ నాణెం మీద నిజంగా ఉన్న దేవుడు మన కొండ మీదివాడే అని మామకి చెప్తే, "ఆ బిళ్ల యాడ దొరుకుతుంది?" అన్నాడు.

మూటలో ఇంకో చిన్న మూట ఉందని ఆ సాయంత్రం పాప కనిపెట్టింది. పసుపు గుడ్డ, గట్టి ముడి. మా జేజి, అంటే నాన్నమ్మ, ఎప్పుడో కట్టిన ముడుపు. ఎవరి కోసమో, ఏ జబ్బు తగ్గాలనో చెప్పగలిగేవాళ్లు లేరు. గుడ్డ చివికి నాణెం బయటికి కనిపిస్తోంది, ఆరో జార్జి వెండి రూపాయి, 1944. నూరేళ్లు నిండని ఏకైక వెండి రూపాయి! రూపాయల్లో ఇంగ్లండు తీసుకెళ్లడానికి చట్టం ఒప్పుకునేది అదొక్కటే. మా వాడి మొహం వెలిగింది.

"అది మనది కాదు," అంది అమ్మ. "స్వామిది."

బదులుగా పది పౌన్లు వేస్తానన్నాడు. "మొక్కినామె ఆ రూపాయే కట్టింది గదా" అంది. చట్టంతోనైనా వాదించొచ్చు గానీ అమ్మతో కాదు. కొండకి వెళ్లే ముందురోజు రాత్రి ఇంకో సందేహం లేవదీసింది. వడ్డికాసులవాడు ఊరుకోడు, ఆలస్యమైన మొక్కు వడ్డీతో సహా తీర్చాలి.

వాడు నోటు పుస్తకం తెచ్చుకున్నాడు. "వడ్డీ ఎంతవ్వా?"

"నూటికి రెండు రూపాయిలు."

"ఏడాదికా?"

"నెలకి!"

ఎనభై ఏళ్లనుకుని లెక్కేశాడు. ఏడాదికోసారి అసలులో కలిపే చక్రవడ్డీ అయితే దాదాపు మూడు కోట్లు. పెన్ను పక్కన పెట్టి మళ్లీ మొదట్నుంచి వేశాడు, అదే వచ్చింది. బారువడ్డీ అయితే 19 రూపాయల 20 పైసలు. స్వామి బారువడ్డీకే ఒప్పుకుంటాడని అమ్మ తీర్పు చెప్పింది. ఇక ఇరవై పైసలు కావాలి. అందరం పాప వంక చూశాం. తామరపువ్వు నాణేన్ని అది గుప్పిట్లో పెట్టుకుని ససేమిరా అంది. పైగా పావలా, అంతకు తక్కువ చిల్లర 2011 జూన్ 30తోనే చెల్లకుండా పోయిందని నాకే గుర్తుచేసింది. చెల్లని డబ్బు దేవుడికి ఎట్లా వేస్తారట?

అమ్మ తన పర్సులోంచి 21 రూపాయలు తీసి ముడుపుతో కలిపి కట్టింది. మిగతా రూపాయి ఎనభై పైసలు దేనికని మా వాడు అడిగాడు.

"నీ లెక్కల పరీచ్చకి అడ్వాన్సు," అంది.