మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్: నా అనుభవం

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లు వాచే జబ్బు) అని తేలాక డాక్టరమ్మ ముఖ్యంగా రెండు మందులు రాశారు. వారానికి ఒక్కరోజే వేసుకునే మెథోట్రెక్సేట్, అది వేసుకోని రోజు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్. మా చెన్నై పెరంబూరు మందుల షాపు అబ్బాయి రెండోదాన్ని "వైటమిన్ దాన్ మేడమ్" అంటూ తేలిగ్గా చేతిలో పెట్టాడు. వైటమినే, కాదనను. కానీ ఈ వైద్యంలో ఎగ్గొట్టకూడనిది అదే.

మెథోట్రెక్సేట్ మొదలుపెట్టే ముందు రక్తం, లివర్, కిడ్నీ, హెపటైటిస్ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే అయ్యాయి. పిల్లల కోసం చూస్తున్నారా అని కూడా అడిగారు. కడుపులో బిడ్డకు ఈ మందు ప్రమాదం.

కొత్త కణం పుట్టాలంటే డీఎన్ఏ తయారవ్వాలి, దానికి ఫోలేట్ అనే వైటమిన్ కావాలి. ఫోలిక్ యాసిడ్ అంటే మాత్రలో ఇచ్చే ఫోలేటే. మెథోట్రెక్సేట్ ఆ ఫోలేట్‌కే అడ్డుపడుతుంది. అందుకే త్వరత్వరగా కొత్త కణాలు పుట్టే చోట్లు, అంటే నోటి పొర, పేగులు, రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జ, ముందు దెబ్బతింటాయి. ఆ దెబ్బ తగ్గించడానికే ఫోలిక్ యాసిడ్. మరి అది ఇస్తే మెథోట్రెక్సేట్ పనిచేయడం మానేయదా అని డాక్టరమ్మను అడిగాను. కీళ్ల వాపు తగ్గించడంలో మెథోట్రెక్సేట్ వేరే దారుల్లోనూ పనిచేస్తుందట, పెద్దగా నష్టం ఉండదన్నారు.

ఫోలిక్ యాసిడ్‌ను 1940లలో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మెథోట్రెక్సేట్ కూడా ఆ ల్యాబ్ పనిలోంచే వచ్చింది. ఆయన చదివింది ఇక్కడే, సెంట్రల్ స్టేషన్ ఎదుటి మద్రాస్ మెడికల్ కాలేజీలో. ఈ సంగతి తెలిశాక చేదు కొంచెం తగ్గింది.

నెల్లూరు నుంచి అమ్మ ఫోన్: "ఆ మాత్రలెందుకే, పొన్నగంటికూర, తోటకూర తింటే చాలదా?" తినమనే అన్నారు డాక్టరమ్మ. కానీ ఆకుకూర ఉడకబెట్టి నీళ్లు వార్చేస్తే ఫోలేట్ చాలావరకు ఆ నీళ్లతోనే పోతుంది. పైగా మాత్రలోది ఒంటికి బాగా పడుతుంది.

అసలు టెన్షన్ మాత్రలతోనే. నాకిచ్చినవి రెండూ చిన్న పసుపు మాత్రలే, అట్టల మీది బ్రాండ్ పేర్లు రెండూ 'ఫోలి'తోనే మొదలు. తారుమారై మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే మజ్జ దెబ్బతింటుంది, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. మా ఆయన వేర్వేరు డబ్బాల్లో పెట్టి, మూతల మీద మార్కర్‌తో వేసుకోవాల్సిన రోజు పేరు రాశారు. చీటీలో వారానికోసారి అని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో రాయడం కాదు, ఏ రోజు వేసుకోవాలో రోగికి వచ్చిన భాషలో రాయాలని నా పట్టుదల.

ఆదివారం రాత్రి వేసుకుంటే సోమవారమంతా వికారం, ఆఫీసంటే ప్రాణం మీదికొచ్చేది. డాక్టరమ్మను అడిగి శుక్రవారానికి మార్చుకున్నాను. తర్వాత నోట్లో పుండ్లు లేచి సాంబారు కూడా మండేది. ఫోలిక్ యాసిడ్ రోజులు పెంచారు, తగ్గిపోయాయి. కీళ్ల వాపు తగ్గడానికి మాత్రం నెలలు పట్టింది.

మధ్యలో యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే ఇంకో డాక్టర్ కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాయబోయారు. మెథోట్రెక్సేట్ వాడుతున్నానని చెప్పగానే కొట్టేసి వేరేది రాశారు. అందులోని ట్రైమెథోప్రిమ్ కూడా ఫోలేట్ మీదే దెబ్బ కొడుతుంది, రెండూ కలిస్తే మజ్జకు ముప్పు. అప్పటినుంచి నా మందుల చీటీ ఫొటో ఫోన్‌లో ఉంచుకుని, పళ్ల డాక్టరైనా సరే, ముందు అదే చూపిస్తున్నాను.