టవర్ లేని పల్లె ఎయిర్‌పోర్టు ఎలా నడుస్తుంది

అమెరికాలో ఎవరైనా దిగగల ఎయిర్‌పోర్టులు దాదాపు 5 వేలు. వాటిలో కంట్రోల్ టవర్ ఉన్నవి 500 పైచిలుకు మాత్రమే. మిగిలినవి చాలావరకు పల్లెల పక్కన ఉండేవే. ఒక రన్‌వే, ఓ వరస హ్యాంగర్లు (విమానాలు ఉంచే షెడ్లు), ఇంధనపు ట్యాంకు, గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ గొట్టం విండ్‌సాక్. చాలాచోట్ల టికెట్ కొని ఎక్కే విమానం ఒక్కటీ రాదు. వచ్చేవి రోగిని పట్నానికి తరలించే అంబులెన్సు విమానాలు, పొలాలకు మందు కొట్టేవి, అడవి మంటలు ఆర్పేవి, పార్సిళ్లు తెచ్చే కేరవాన్ విమానాలు, ఫ్లయింగ్ నేర్చుకునేవాళ్ల చిన్న సెస్నా విమానాలు. అందుకే ఊరి కౌన్సిల్లో ఎవరో ఒకరు ఆ స్థలం అమ్మేద్దాం అంటూనే ఉంటారు. అది అంత తేలిగ్గా అయ్యే పని కాదు. ఆ స్థలం ఎలా వచ్చిందన్న దాంట్లోనే కారణం ఉంది.

1930ల మాంద్యంలో పనులు కల్పించడానికి పెట్టిన డబ్ల్యూపీఏ కింద వందల ఎయిర్‌పోర్టులు కట్టారు, లేదా బాగుచేశారు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. పైలట్ల శిక్షణకు సైన్యం దేశమంతా ఫీల్డులు పరిచింది. అప్పటి విమానాల్లో చాలావాటికి చిన్న చక్రం తోక కింద ఉండేది. పక్కగాలి తగిలితే నేల మీద గిర్రున తిరిగిపోయేవి. అందుకని గాలి ఎటు వీచినా ఎదురుగా దిగేలా మూడు రన్‌వేలను త్రిభుజంగా వేశారు. ముందు చక్రం ఉన్న విమానాలు వచ్చాక మూడింటి అవసరం తగ్గిపోయింది. ఒకదాన్ని ఉంచుకుని మిగతా రెండూ గడ్డికో, హ్యాంగర్లకో వదిలేసిన చోట్లు చాలా ఉన్నాయి. పైనుంచి చూస్తే పాత త్రిభుజం ఇప్పటికీ కనబడుతుంది.

యుద్ధం అయ్యాక, 1944 నాటి మిగులు ఆస్తుల చట్టం కింద ఈ ఫీల్డుల్లో చాలావాటిని ఊళ్లకు ఇచ్చేశారు. అయితే ప్రజా ఎయిర్‌పోర్టుగానే వాడాలన్న షరతు పెట్టారు. 1946 చట్టంతో కేంద్రం గ్రాంట్లు మొదలయ్యాయి. 1970లో టికెట్ల మీద, విమాన ఇంధనం మీద పన్నులతో ట్రస్ట్ ఫండ్ ఏర్పడింది. 1982 నుంచి నడుస్తున్న గ్రాంటు పథకం పేరు ఏఐపీ. చిన్న ఎయిర్‌పోర్టు పనుల్లో సాధారణంగా 90 శాతం ఖర్చు అదే భరిస్తుంది. బదులుగా ఎయిర్‌పోర్టును నడుపుతూ ఉంటామని ఊరు రాసిచ్చే హామీలు మామూలుగా 20 ఏళ్లు కట్టిపడేస్తాయి. గ్రాంటుతో భూమి కొంటే ఆ హామీకి గడువే లేదు. ఎయిర్‌పోర్టు ఆదాయం ఎయిర్‌పోర్టుకే ఖర్చు కావాలి. పక్కనున్న ఖాళీ నేలలో గడ్డి కోసుకోవడానికి కౌలుకిస్తే ఆ సొమ్ముతో ఊరి రోడ్డు వేయకూడదు.

ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. గ్రాంటు కట్టడానికి ఇస్తుంది, నడపడానికి ఇవ్వదు. చిన్న ఎయిర్‌పోర్టుకు ఏటా 150,000 డాలర్ల వరకు వాటా ఉంటుంది. వాడకపోతే కొన్నేళ్లు దాచుకుని రన్‌వే మీద కొత్త పొర వేయించుకోవచ్చు. గడ్డి కోత, మేనేజరు జీతం, కరెంటు బిల్లు మాత్రం హ్యాంగర్ అద్దెల్లోంచి, ఇంధనం అమ్మితే మిగిలే కాస్త లాభంలోంచి రావాలి. పల్లె ఎయిర్‌పోర్టు పాడైపోయిందంటే చాలాసార్లు రోజువారీ పని ఆగినందుకే.

రన్‌వే పగుళ్లనే తీసుకోండి. తారు రన్‌వేకి 20 ఏళ్ల ఆయుష్షు అనుకుని డిజైన్ చేస్తారు. పావు అంగుళం దాటిన పగులును ఎప్పటికప్పుడు పూడిస్తేనే ఆ లెక్క నిలుస్తుంది. ముందు లోపల మొలిచిన గడ్డిని వేళ్లతో సహా తీయాలి. తర్వాత గాలి కొట్టి దుమ్ము ఊదేసి, పూర్తిగా ఆరాక వేడి సీలెంట్ పోయాలి. సీలెంట్ ఉపరితలం కంటే కాస్త దిగువనే ఆగాలి. ఉబ్బెత్తుగా ఉంటే మంచు తోసే బ్లేడు దాన్ని పీకేస్తుంది. తడి మీద పోస్తే పట్టుకోదు, చలికాలం రాగానే ఊడివస్తుంది. వదిలేసిన పగుల్లోకి నీరు దిగి, గడ్డకట్టి, అంచుల్ని రాళ్లుగా విరగ్గొడుతుంది. ఆ రాళ్లను ప్రొపెల్లర్ పైకి పీల్చుకుంటుంది. బ్లేడు మీద పడిన చిన్న నొక్కే తర్వాత పగులుగా మారుతుంది.

దీపాల పని వేరే లోకం. రన్‌వే అంచు దీపాలన్నీ ఒకే తీగపై సిరీస్‌లో ఉంటాయి. పూర్తి వెలుగుకు రెగ్యులేటర్ 6.6 ఆంపియర్ల కరెంటును నిలకడగా తోస్తుంది. మీడియం వెలుగుకు 5.5, తక్కువకు 4.8. ఒక్కో దీపం కింద ఒక ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి ఒక బల్బు పోయినా మిగతావి వెలుగుతాయి. అసలు బెడద భూమి లోపలే. కేబుల్ పైపొరను ఎలుకలు, నేలలో బొరియలు తవ్వే గోఫర్లు కొరుకుతాయి. కనెక్టర్లలోకి నీరు చేరుతుంది. పిడుగు పడితే సరేసరి. మెగ్గర్‌తో ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచి పుస్తకంలో రాసుకుంటూ పోతే, అంకె నెలనెలా పడిపోవడం ముందే తెలుస్తుంది. రాయనివాళ్లకు ఒక వాన రాత్రి రన్‌వే మొత్తం చీకటైనప్పుడే తెలుస్తుంది.

రాత్రంతా దీపాలు వెలిగించి ఉంచే స్తోమత ఉండదు కాబట్టి వాటిని పైలటే వెలిగిస్తాడు. రేడియో మైక్ బటన్‌ను 5 సెకన్లలో 7 సార్లు నొక్కితే పూర్తి వెలుగు, 5 సార్లు నొక్కితే మీడియం, 3 సార్లకు తక్కువ. టైమరు 15 నిమిషాలది. కొత్తవాళ్లు ఇక్కడే తప్పుతారు. దీపాలు ముందే వెలిగి ఉన్నాయి కదా అని నొక్కకుండా వస్తారు. అవి ఇంతకుముందు ఎవరో వెలిగించినవి, సరిగ్గా రన్‌వే ముందుకు వచ్చేసరికి ఆరిపోవచ్చు. వెలిగి ఉన్నా 7 సార్లు నొక్కాల్సిందే.

టవర్ లేదు కాబట్టి దిగమని చెప్పేవాళ్లూ ఉండరు. ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో ఎవరికి వారే చెప్పుకోవాలి. సుమారు 10 మైళ్ల దూరం నుంచి ఎక్కడున్నారో, ఎంత ఎత్తులో ఉన్నారో, ఏం చేయబోతున్నారో చెప్పాలి. 122.8 లాంటి ఫ్రీక్వెన్సీని చుట్టుపక్కల అనేక ఎయిర్‌పోర్టులు పంచుకుంటాయి. అందుకే మాట మొదట్లోనూ చివర్లోనూ ఎయిర్‌పోర్టు పేరు చెబుతారు. ప్రత్యేకంగా మరోలా లేకపోతే నేలకు 1,000 అడుగుల ఎత్తున ఎడమ మలుపులతో చుట్టి వచ్చి దిగుతారు. రేడియో లేని పాత విమానం కూడా అదే చుట్టులో చట్టబద్ధంగా ఉండొచ్చు. చెవులు ఎంత విన్నా కళ్లు తిప్పక తప్పదు.

ఇంధనం దగ్గర చిన్న అలసత్వానికి కూడా ప్రాణాలు పోతాయి. పిస్టన్ ఇంజిన్లకు నీలి రంగు 100 ఎల్‌ఎల్, టర్బైన్లకు లేత గడ్డి రంగు జెట్-ఏ. జెట్-ఏ కలిసిన ఇంధనంతో పిస్టన్ విమానం స్టార్ట్ అవుతుంది, నేల మీద రన్‌వే దాకా నడుస్తుంది, పైకి కూడా లేస్తుంది. పూర్తి పవర్ మీద ఎక్కుతుండగా డెటొనేషన్ (సిలిండర్లో ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలై ఇంజిన్ చేతులెత్తేస్తుంది. దీన్ని ఆపడానికే జెట్ నాజిల్‌ను వెడల్పుగా, చదునుగా చేశారు. అది పిస్టన్ ట్యాంకు మూతి రంధ్రంలో పట్టదు. కానీ కొన్ని హెలికాప్టర్లకు ఆ వెడల్పు నాజిల్ పట్టదని గుండ్రటి నాజిల్ ఒకటి దగ్గర ఉంచుకుంటారు. పని అయ్యాక దాన్ని విప్పి తాళం వేయకపోతే ఆ కాపలా అంతా దండగ. అనుమానం వస్తే తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయండి. స్వచ్ఛమైన 100 ఎల్‌ఎల్ ఆరిపోతుంది, జెట్-ఏ కలిస్తే జిడ్డు వలయం మిగులుతుంది.

రోజూ పొద్దున పంపు తెరవకముందే ట్యాంకు అడుగు నుంచి, ఫిల్టరు అడుగు నుంచి తెల్ల బకెట్‌లోకి కొంత దింపి చూడాలి. బకెట్‌ను సుడి తిప్పితే నీటి బొట్లు, తుప్పు మధ్యకు చేరతాయి. ఫిల్టరుకు అటూ ఇటూ ఉన్న ప్రెషర్ తేడాను కూడా రాసుకోవాలి. తేడా 15 పీఎస్‌ఐకి చేరితే ఫిల్టరు మార్చాలి, చేరకపోయినా ఏడాదికోసారి మార్చాలి. తేడా ఉన్నట్టుండి పడిపోతే సంతోషించకండి, లోపల ఫిల్టరు చిరిగిందేమో చూడండి. విమానంలో పోసేటప్పుడు మొదట తగిలించేది విమానాన్నీ పంపునూ తీగతో కలిపే బాండింగ్ క్లిప్, చివర తీసేదీ అదే. మూత తీశాక క్లిప్ పెడితే స్టాటిక్ నిప్పురవ్వ ఆవిరి దగ్గరే పుడుతుంది.

చెట్ల సంగతి ఊళ్లో ఎవరికీ పట్టదు. 2003లో జీపీఎస్ సిగ్నల్‌ను ఉపగ్రహాల ద్వారా సరిదిద్దే వాస్ సేవ మొదలయ్యాక పల్లె రన్‌వేలకు కూడా నేల మీద ఖరీదైన పరికరాలు లేకుండానే జీపీఎస్‌తో, మేఘం కిందికి దిగివచ్చినప్పుడు కూడా వాడగల అప్రోచ్‌లు (దిగే మార్గాలు) దొరికాయి. కానీ రన్‌వే మొదలుకు 200 అడుగుల అవతల నుంచి, 20 అడుగులకు 1 అడుగు చొప్పున పైకి లేచే ఒక ఊహా వాలు ఉంటుంది. ఆ వాలు మొదటి నుంచి 1,000 అడుగుల దూరంలో ఉన్న చెట్టు, నేల సమతలంగా ఉంటే, 50 అడుగులు మించకూడదు. మించితే ఆ అప్రోచ్‌ను రాత్రిపూట వాడకుండా ఆపేసే అవకాశం ఉంది. అప్పుడు మబ్బు పట్టిన రాత్రి అంబులెన్సు విమానం రాలేదు. చెట్టేమో పక్కవాళ్ల స్థలంలో ఉంటుంది. కొట్టించే హక్కు కొనడానికి గ్రాంటు వస్తుంది, తర్వాత మళ్లీ పెరగకుండా చూసే ఖర్చు ఊరిదే.

వీటన్నిటికీ మేనేజరు తరచూ ఒక్కడే, చాలాచోట్ల సగం రోజు ఉద్యోగి. పొద్దున్నే రన్‌వే మీద ట్రక్కులో ఒక చుట్టు వేసి రాళ్లు, చచ్చిన జంతువులు, విరిగిన దీపాలు చూస్తాడు. జింకలకు 10 అడుగుల కంచె మేలు. కంచె కింద నీరు కోసిన సందులోంచి అవి దూరతాయి కాబట్టి ఆ కింది భాగాన్నే ఎక్కువ చూడాలి. ఏదైనా పాడైతే వెంటనే పైలట్లకు నోటమ్ అనే హెచ్చరిక నోటీసు జారీ చేయాలి. రన్‌వే మూసేస్తే నోటమ్‌తో పాటు రెండు చివర్లా రాసి ఉన్న రన్‌వే అంకెల మీద పసుపు రంగు ఎక్స్ గుర్తు పరచాలి. పని అయ్యాక గుర్తులు తీసేసి, నోటమ్ రద్దు చేయడం గుర్తుంచుకోవాలి. రద్దు చేయకపోతే రన్‌వే బాగున్నా గడువు తీరేదాకా వచ్చేవాళ్లు పక్క ఊరికి పోయి అక్కడే ఇంధనం పోయించుకుంటారు.