మూడో మూల, పదమూడో ఎక్కం

ఈ ఆదివారం కూడా ఆగిపోయింది. అదే మూల, అదే బోరు షెడ్డు, ఇంచుమించు అదే అడుగు. నేను స్వారీ చేసే గుర్రం గౌరి ట్రాట్‌లో, అంటే నడకకీ దౌడుకీ మధ్య చిన్న పరుగులో, బాగానే వస్తుంది. షెడ్డు ఎదురుగా వచ్చేసరికి ఎవరో బ్రేకు తొక్కినట్టు నడకలోకి దిగిపోతుంది. నేను జూలు మీదకి ఒక తూలు తూలి, మళ్ళీ సర్దుకుని, ఏమీ జరగనట్టు మిగతా చుట్టు నడిపించుకుంటూ వస్తాను. నోటుబుక్కు ప్రకారం ఇది ఇరవై ఎనిమిదోసారి. లెక్కల టీచర్ని కదా, ఎంత హడలిపోయినా లెక్క మాత్రం రాసుకుంటాను.

పాత సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పోయిన నవంబరులో, అప్పట్లో నేర్చుకుంటున్న చోట, క్యాంటర్‌లో, అంటే ట్రాట్ కంటే వేగమైన దౌడులో, ఎడమవైపు తిరుగుతుంటే గుర్రం వెనక కాలు తడిమట్టి మీద జారింది. గుర్రం లేచి నిలబడింది, నేను లేవలేకపోయాను. ఎడమ కాలర్ బోన్ విరిగింది. ఎముక ఏడు వారాల్లో అతుక్కుంది కానీ, మళ్ళీ గుర్రం పక్కన నిలబడడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

ఇప్పుడు నేనెక్కేది పెళ్ళి గుర్రం. నెల్లిమర్ల దాటాక రామతీర్థం దారిలో, మామిడితోట పక్కన ఒక మావయ్య మూడు గుర్రాలు పెంచుతున్నాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు, పిలుపు అలా అలవాటైపోయింది. మా విజయనగరం చుట్టుపక్కల గుర్రమంటే జనానికి గుర్తొచ్చేది పెళ్ళి ఊరేగింపే. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి గుర్రాలు ఖాళీ. శ్రావణం వచ్చిందంటే గౌరికి మళ్ళీ జరీ గుడ్డ, నెత్తిన కుచ్చు, వీపు మీద పెళ్ళికొడుకు. కొత్త కోడళ్ళు పుట్టింటికి వెళ్ళే నెలలో నేను గుర్రం దగ్గరికి వెళ్తున్నానని మా అత్తగారు అందరికీ చెబుతున్నారు.

గౌరి ఎత్తు 14.2 హ్యాండ్స్ (హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు, చుక్క తర్వాతది అంగుళాలు), అంటే 58 అంగుళాలు. గుజరాత్ కథియావాడీ జాతి కలిసిన ఆడగుర్రం, చెవులు లోపలికి తిరిగి కొసలు ఒకదాన్నొకటి ముట్టుకునేంత దగ్గరగా ఉంటాయి. బ్యాండు మేళం, టపాసులు, డీజే పెట్టెలు అన్నీ చూసేసిన మనిషి. (మనిషనే అంటాను.) అలాంటిది బోరు షెడ్డు మీద కప్పిన నీలం పట్టాకి బెదురుతుందని మొదటి నాలుగు రోజులు నేను గట్టిగా వాదించాను.

కుదిరినవి ఒక్క లైనులో: కుడివైపు రైజింగ్ ట్రాట్ (జీను మీద లేస్తూ కూర్చుంటూ చేసేది) వరసగా ఆరు చుట్లు, ఎక్కేటప్పుడు చేతుల వణుకు లేదు, రికాబుల్లో పాదాలు పెట్టకుండా నడకలో పావుగంట. ఇక మూడో మూల సంగతి.

మంగళవారం పట్టా తీయించాను. ఆగింది. షెడ్డు ముందు ఎరువుల సంచులు కూడా తీయించాను. ఆగింది. అప్పుడు మావయ్య కొడుకుని ఎక్కమన్నాను. పదో తరగతి కుర్రాడు, జీను కూడా వేసుకోలేదు. నా హెల్మెట్ మాత్రం బలవంతంగా పెట్టించాను. ఎడమవైపు నాలుగు చుట్లు కొట్టాడు. గౌరి ఆ షెడ్డు వంక కన్నెత్తి చూడలేదు. మావయ్య మామిడిచెట్టు కింద దాణా కలుపుతూ, తలెత్తకుండానే అన్నాడు: "ఏటి టీచరమ్మా, గుర్రం ఆగిపోనాదా, నువ్వు ఆపీసినావా?"

కోపం వచ్చింది. నేను పగ్గాలు లాగలేదు, నాకు తెలుసు కదా!

బుధవారం టేపు పట్టుకెళ్ళాను. సరుగుడు బాదుల కంచె లోపల మైదానం పొడవు 38 మీటర్లు, వెడల్పు 21. కుర్రాడి చేతిలో ముగ్గుపిండి డబ్బా పెట్టి, గౌరి ట్రాట్ విరిగిన చోటల్లా ఒక చిటికెడు వెయ్యమన్నాను. ఎనిమిది ప్రయత్నాలు, ఎనిమిది చుక్కలు. అన్నిటికంటే ముందు ఆగింది మూలకి 9 మీటర్ల దూరంలో, అన్నిటికంటే దగ్గరగా వచ్చి ఆగింది 6 దగ్గర. సగటు 7.4. చుక్కలన్నీ మూడు మీటర్ల జాగాలోనే పడ్డాయి. చేతికున్న బ్యాండులో నా గుండె వేగం ఎక్కేముందు 92, ఆగిన వెంటనే చూస్తే 138. కుర్రాడికి పెట్టి చూస్తే వాడిది 84. సిగ్గేసింది.

అదే రోజు పగ్గాల మీద పది సెంటీమీటర్లకొకటి ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టి, ఫోను కంచె బాదుకి కట్టి వీడియో తీశాను. రాత్రి పిల్లల పేపర్లు దిద్దడం మానేసి అదే చూస్తూ కూర్చున్నాను. గేటు దగ్గర నా చెయ్యి రెండో టేపు మీద ఉంది. ముగ్గు చుక్కలు వచ్చేసరికి మూడో టేపు మీద ఉంది. అంటే లాగలేదన్నది నిజమే, కానీ వేళ్ళతో కొంచెం కొంచెంగా పాకుతూ పది సెంటీమీటర్ల పగ్గం మింగేశాను. తాడాట ఆడుతున్నట్టు. పాపం గౌరి, ఆగమని చెబితే ఆగింది. మావయ్యకి మర్నాడు ఈ ముక్క చెప్పాను. నవ్వలేదు, అదొక్కటి నయం.

తెలిసింది కదా, ఇంక పగ్గం పాకనివ్వకుండా ఉంటే చాలనుకుంటారు. నేనూ అనుకున్నాను. టేపు మీద బొటనవేలు నొక్కిపెట్టి వెళ్ళాను. ఈసారి చెయ్యి కదల్లేదు, మోకాళ్ళు బిగుసుకున్నాయి. గౌరి 8 మీటర్ల దగ్గర ఆగింది. భయాన్ని వేళ్ళలోంచి తరిమితే మోకాళ్ళలోకి పోయింది.

గురువారం వైపు మార్చాను. కుడివైపుగా వెళ్తే అదే మూల, అదే షెడ్డు, ఆరుసార్లలో ఐదుసార్లు శుభ్రంగా దాటింది. కాబట్టి మూలదీ తప్పు కాదు, షెడ్డుదీ కాదు. ఎడమ మలుపు. పడింది ఎడమ మలుపులోనే కదా, ఇది మొదటి రోజే తట్టాల్సింది. మరి మిగతా మూడు మూలల్లో ఎందుకు ఆగడం లేదంటే, నా ఊహ ఇది: ఒకటో మూల నడకలో దాటుతాం. ట్రాట్ మొదలుపెట్టేది రెండో మూల ముందు, అక్కడికింకా వేగం రాదు. మూడోదానికి పూర్తి ట్రాట్ ఉంటుంది, పైగా షెడ్డు నీడ పడి ఆ నేల తడిగా, నల్లగా కనిపిస్తుంది. నల్ల నేల, ఎడమ మలుపు. నాలుగోది? అక్కడిదాకా ట్రాట్‌లో వెళ్ళినదెప్పుడు!

రికాబు పట్టీల సంగతి కూడా అప్పుడే బయటపడింది. రెండూ విప్పి పక్కపక్కన వేలాడదీస్తే ఎడమది రెండున్నర సెంటీమీటర్లు పొడుగు. ఎప్పుడూ ఎడమవైపు నుంచే ఎక్కుతాం, మన బరువంతా ఆ తోలే మోస్తుంది, సాగక ఏం చేస్తుంది. రెండు పక్కలా ఒకే రంధ్రంలో పెట్టుకున్నా సరే, ఎడమకాలు రికాబుని వెతుక్కుంటోందన్నమాట. పట్టీలు అటుదిటు మార్చి, తేడా పోయేలా కొత్త రంధ్రం కొట్టించాను. ఆ రోజు చుక్కల సగటు 7.4 నుంచి 4.6కి వచ్చింది. చెప్పుల షాపాయన రంధ్రానికి పది రూపాయలు తీసుకున్నాడు. ఈ రెండు వారాల్లో పెట్టిన ఖర్చులన్నిట్లో గిట్టుబాటైంది ఇదొక్కటే.

ఖర్చులంటే గుర్తొచ్చింది. కాన్పూర్ తోలు జీను సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి. బరువే, కానీ కూర్చున్నచోట కూర్చోనిస్తుంది. అంతకుముందు ఎవరో ఇచ్చిన సింథటిక్ జీను మీద నేను చెమటకి జారుతూనే ఉన్నాను. హెల్మెట్ డెకాథ్లాన్ వాళ్ళ ఫుగాంజాది, వెనక చక్రం తిప్పి బిగించుకునేది. మన ఉక్కపోతకి లోపలి మెత్త విప్పి ఉతుక్కోగలగడమే దానికి నేనిచ్చే మార్కులు. పడ్డప్పుడు పెట్టుకున్న పాతది మాత్రం పైకి గీత లేకపోయినా పారేశాను. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ రెండోసారి కాస్తుందని నమ్మకూడదు.

పొడుగు తాడు కట్టి గుర్రాన్ని గుండ్రంగా తిప్పే పద్ధతి కూడా ప్రయత్నించాం. దాని ఇంగ్లీషు పేరు మా ఊళ్ళో ఆడవాళ్ళు గట్టిగా అనలేరు కాబట్టి మేము తాడు క్లాసు అంటాం. ధైర్యం తాడు ఉన్నంతసేపే ఉంది. విప్పగానే మళ్ళీ మొదటికొచ్చాను.

"గుర్రానికి భయం కనబడనీయకు" అని సలహా ఇచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఎలా దాస్తాం? స్వీడన్‌లో 2009లో ఒక ప్రయోగం చేశారు. గుర్రం ఎక్కినవాళ్ళకీ, పట్టుకుని నడిపించేవాళ్ళకీ, ఈసారి మీరు దాటుతున్నప్పుడు గొడుగు తెరుస్తాం అని చెప్పారు. నిజానికి తెరవలేదు. మనుషుల గుండె వేగం పెరిగింది, వాళ్ళతోపాటు గుర్రాలదీ పెరిగింది. గొడుగు సంగతి గుర్రాలకి ఎవరూ చెప్పలేదు. కాబట్టి దాచడం మీద కాకుండా ఊపిరి మీద పనిచేద్దామనుకున్నాను.

పాట పాడుకుంటూ వెళ్ళమంటారు చాలామంది, పాడితే ఊపిరి బిగపట్టలేం కాబట్టి. నా గొంతు గౌరికి కూడా నచ్చదు. అందుకని శుక్రవారం ఎక్కాలు మొదలుపెట్టాను. పదమూడో ఎక్కం, ట్రాట్ దెబ్బకొక మాట. గేటు దగ్గర పదమూడు ఒకట్లు పదమూడు. ఫోను చొక్కా జేబులో పెట్టుకుని రికార్డు చేశాను. ఇంటికొచ్చి వింటే: పదమూడు ఐదులు అరవై ఐదు, పదమూడు ఆరులు డెబ్బై ఎనిమిది, పదమూడు ఏడులు... అంతే. డెక్కల చప్పుడు, జీను కిర్రుమనడం, మనిషి మాట లేదు. తర్వాత చప్పుడు మారి నడక. ఐదుసార్లు రికార్డు చేస్తే నాలుగుసార్లు ఏడుల దగ్గరే ఆగింది, ఒకసారి ఆరుల దగ్గర. ముందు నోరు ఆగింది, రెండు మూడు దెబ్బల తర్వాతే గుర్రం ఆగింది. పగ్గం పాకడం, మోకాళ్ళు బిగియడం అన్నీ ఈ రెండు మూడు దెబ్బల్లోనే జరుగుతున్నాయి. మొట్టమొదట ఆగుతున్నది ఊపిరి. ఎనిమిదో తరగతిలో బోర్డు దగ్గర పిల్లలు సరిగ్గా ఏడుల దగ్గరే నీళ్ళు నములుతుంటే నేనెన్నిసార్లు విసుక్కున్నానో తలచుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

శనివారం వాన. నేలంతా బురద, ఎక్కలేదు. నిజం చెప్పాలంటే వాన పడినందుకు హాయిగా అనిపించింది.

ఆదివారానికి మావయ్య ఒక ఉపాయం చెప్పాడు. ఊరేగింపు సామాన్లలోంచి పాత తోలు పట్టీ తీసి గౌరి మెడకి కట్టాడు. "బయమేస్తే పగ్గం ఒగ్గీసి ఇది అట్టుకో తల్లీ, ఇది నోటికి తగల్దు" అన్నాడు. పెళ్ళికొడుకుల్లో సగంమంది దీన్ని పట్టుకునే మండపందాకా వస్తారట. ఎడమ చిటికెనవేలు పట్టీలో దూర్చి, పదమూడో ఎక్కం గట్టిగా చదువుతూ వెళ్ళాను.

ఏడు ప్రయత్నాలు. మొదటి రెండూ ఆగింది. మూడోసారి ఏడుల దగ్గర గొంతు బొంగురుపోయి, "తొంభై ఒకటి" అన్నది దాదాపు అరుపులా వచ్చింది. గౌరి చెవి ఒకటి వెనక్కి తిప్పింది. కిందకి చూస్తే నల్లటి నేల నా రికాబు కింద నుంచి వెనక్కి పోతోంది, మేమింకా ట్రాట్‌లోనే ఉన్నాం. ఎనిమిదులు నూట నాలుగు, తొమ్మిదులు నూట పదిహేడు. నాలుగో మూల కూడా దాటేశాం. కుర్రాడు ముగ్గు డబ్బా కంచె మీద వాయించాడు. నాలుగోసారీ, ఐదోసారీ దాటింది.

అక్కడ దిగిపోవాలి. బాగున్నప్పుడే ఆపాలని నేర్పేవాళ్ళంతా చెబుతారు, నేనూ పిల్లలకి చెబుతాను. ఆశ పడ్డాను. ఆరోసారి 5 మీటర్ల దగ్గర ఆగింది, ఏడోసారి 6. పైన మొదలుపెట్టిన ఏడుపు దాని గురించే. మూడు దాటిన సంగతి మర్చిపోయి రెండు ఆగిన సంగతే ఇంటిదాకా మోసుకొచ్చాను.

ఎందుకాగిందో రికార్డింగు వింటే ఒక అనుమానం. చివరి రెండుసార్లూ ఎక్కం ఎక్కడా తెగలేదు. పదిదాకా గడగడా చదివేశాను. అంటే అప్పటికి అది నోటికొచ్చేసింది. నోరు దాని దారిన అది వాగుతోంది, బుర్ర ఖాళీగా కూర్చుని నల్ల నేలని చూస్తోంది. లేకపోతే ఇంకొకటి: అప్పటికి నలభై నిమిషాలు దాటింది, తొడలు అలసిపోయాయి. రెండిట్లో ఏదో ఈ వారం తేలాలి. అలుపైతే ఇరవై నిమిషాలకే కూర్చోవడం పాడవడం మొదలవ్వాలి, వీడియోలో మోకాళ్ళు చూస్తాను. ఎక్కం వల్లనైతే కష్టమైనది పెట్టాలి. పంతొమ్మిదో ఎక్కం నాకెప్పుడూ తడబాటే.

మంగళవారం ప్లాను: ఎడమవైపు ఐదు ప్రయత్నాలు మాత్రమే, రెండు వరసగా దాటితే దిగిపోవడం. అలారం కుర్రాడి దగ్గర ఉంటుంది, నేను బతిమాలినా వినకూడదని వాడికి చాక్లెట్ లంచం ముందే ఇచ్చేశాను. బోరు షెడ్డు ముందు నేల మీద రెండు తట్టల పొడి ఇసుక పరిపిస్తానన్నాడు మావయ్య, తడి రంగు కనబడకుండా. అది మోసమవుతుందేమోనని నా సందేహం. ముందు ఇసుకతో దాటి, తర్వాత రోజుకి కొంత తీసేస్తూ పోదామనుకుంటున్నాను. క్యాంటర్ మాట ఎవరూ ఎత్తొద్దు. చింతపల్లి బీచ్‌లో గౌరిని నడిపించాలన్న కోరిక మాత్రం ఉంది, నడకే, పొద్దున్నే అలలు తక్కువున్నప్పుడు. గుర్రాన్ని వ్యానులో అంతదూరం తీసుకెళ్ళడానికి మావయ్య ఎంత అడుగుతాడో.

శ్రావణానికి ఇంకా పదిహేను రోజులు. గౌరికి మొదటి ముహూర్తం బుక్కయిపోయింది, గజపతినగరంలో పెళ్ళట. ఈలోగా నేను పంతొమ్మిది ఏడులు నూట ముప్ఫై మూడు అని మలుపులో అనగలగాలి. ఇప్పుడు కుర్చీలో కూర్చుని రాస్తూ కూడా ఒకసారి తప్పు చెప్పాను.