కాల్షియం డబ్బా వెనక చిన్నక్షరాలు

పోయిన వేసవిలో పెరట్లో తొట్టి దగ్గర కాలు జారింది. చెయ్యి ఆనించానంతే, మణికట్టు విరిగింది. మా ఉదయగిరి మెట్టలో నడుం నొప్పి అన్నా మోకాళ్లు అన్నా ‘ఫ్లోరైడు నీళ్లమ్మా’ అనేస్తారు. నేనూ అదే అనుకున్నాను.

తొమ్మిదేళ్ల కిందట నాకు గుండెలో మైట్రల్ వాల్వు తీసేసి లోహపుది వేశారు. అప్పట్నుంచీ రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి వార్ఫారిన్ మాత్ర, రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష నెలనెలా. నాకది 2.5, 3.5 మధ్య ఉండాలి.

కట్టు కట్టినాయన కాల్షియం రాశాడు. మందుల షాపు అబ్బాయి “ఇందులో అన్నీ ఉంటాయక్కా” అని వేరే డబ్బా ఇచ్చాడు. మూడు వారాలకి ఐఎన్ఆర్ 1.6. గోంగూర తిన్నావా, మునగాకు తిన్నావా అని మా ఆయన ఒకటే క్లాసు. వాల్వు మీద గడ్డ కడుతుందేమోనని నాకు రాత్రంతా టెన్షన్.

నెల్లూరులో గుండె డాక్టరుగారు ఆ డబ్బా తిప్పి చూసి, చిన్నక్షరాల మీద వేలు పెట్టారు: విటమిన్ కె2. ఐఎన్ఆర్ దారికొచ్చేదాకా రక్తం గడ్డకట్టకుండా పొట్టకి హెపారిన్ ఇంజెక్షన్లు పొడిచారు.

వార్ఫారిన్ చేసే పనే విటమిన్ కె ని అడ్డుకోవడమట. కాలేయంలో రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లకి ఆ కె కావాలి. ఎముకలో ఆస్టియోకాల్సిన్ అనే ప్రోటీన్‌కీ, రక్తనాళాల గోడల్లో సున్నం పేరుకోకుండా కాసే ఎంజీపీ అనే ప్రోటీన్‌కీ కూడా అదే కావాలి. కె అందకపోతే కాల్షియాన్ని పట్టుకునే పట్టు వాటికి రాదు. ఏళ్ల తరబడి వాడితే రక్తనాళాల్లో సున్నం చేరొచ్చు, ఎముకకి బలం తగ్గొచ్చు.

“మరి నా రక్తంలో కాల్షియం 9.2 ఉందే, బాగానే ఉంది కదా సార్?” అన్నాను. రక్తంలో తగ్గితే ఒళ్లు ఎముకలోంచి తీసి సర్దేస్తుంది, ఆ పరీక్షలో ఇది బయటపడదమ్మా అన్నారు. ఎముకల గట్టితనం కొలిచే డెక్సా స్కాన్ చేయిస్తే వెన్నెముక దగ్గర మైనస్ 2.7 వచ్చింది. మైనస్ 2.5 దగ్గర్నుంచే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. తప్పంతా వార్ఫారిన్‌దే అనలేం అన్నారు. నెలసరి ఆగి ఆరేళ్లయింది, విటమిన్ డి కూడా తక్కువే.

వార్ఫారిన్ మానేసి, రక్తం గడ్డకట్టకుండా చేసే కొత్తరకం మాత్రలకి మారదామని అడిగాను. లోహపు వాల్వుకి అవి కుదరవట. వాటిల్లో ఒకటైన డాబిగాట్రాన్‌తో ప్రయత్నిస్తే గడ్డలూ, రక్తస్రావమూ రెండూ ఎక్కువయ్యాయని 2013లోనే తేలిందట.

ఇప్పుడు కె లేని కాల్షియం అన్నం తిన్నాక, డి వారానికోసారి. ఎముకల మాత్ర ఆదివారం పరగడుపున గ్లాసెడు నీళ్లతో వేసుకుని అరగంట నడుం వాల్చకూడదు. అదే కష్టం నాకు. గోంగూరలోనూ కె ఉన్నా మానమనలేదు, ప్రతి వారం ఒకే కొలతలో తినమన్నారు. కొత్త డబ్బా ఏది కొన్నా షాపులోనే నిలబడి, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చదువుతున్నాను. ఆ అబ్బాయికి విసుగే.